మిగిలింది తినేవాళ్ళు ఇద్దరు

"ఏందక్కా ఇవి, శెనగలా?" అంది మా పనామె, వంటింటి గట్టు మీదున్న ప్యాకెట్ వంక చూస్తూ.

"శెనగలు కాదు. మన టైగర్ గాడి తిండి. మావాడు ఒంగోలు నుంచి తెచ్చాడు" అన్నాను.

"ఎంతేంటి?"

ఒక్క క్షణం అబద్ధం చెబుదామా అనిపించింది. కొత్త చీర ధర మావారి దగ్గర తగ్గించి చెప్పడం మనకేం కొత్త కాదుగదా! కానీ ప్యాకెట్ మీద ధర అచ్చేసి ఉంది, ఆమెకి అంకెలు వచ్చు. "ఏడొందల యాభై" అన్నాను.

"ఎన్నాళ్ళొస్తది?"

"పదిహేను రోజులు."

ఆమె గిన్నె కడిగి బోర్లిస్తూ మనసులోనే లెక్కేసుకుంది. నేను ఆమెకి నెలకిచ్చేది పదిహేను వందలు. "అయితే నా జీతం, వీడి కూడు సమానమేనక్కా!" అని నవ్వేసింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉన్నా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేసి ఊరుకునేదాన్ని. అలాంటిదేమీ లేదు. అందుకే ఆ మాట నాలుగు నెలలుగా నన్ను వదల్లేదు.

ముందు టైగర్ సంగతి చెప్పాలి. నల్లమల అంచునున్న ఊళ్ళో కుక్కకి టైగర్ అని పేరు పెట్టడం కాస్త అతిశయమే. వాడు మూడేళ్ళ కిందట మా మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ గోడ పక్కన వానలో తడుస్తూ మా అబ్బాయికి దొరికిన నాటుకుక్క పిల్ల. ఇప్పుడు పధ్నాలుగు కిలోలు. జాతి లేదు, వంశం లేదు, కానీ ఇంటికొచ్చే ప్రతివాణ్ణీ ఆరా తీయకుండా గడప దాటనివ్వడు.

వాడి తిండి విషయంలో మా ఇంట్లో మూడు పార్టీలున్నాయి. గిద్దలూరు వైపు పల్లెలో పుట్టి పెరిగిన మా అత్తయ్యగారిది మొదటి పార్టీ. "కుక్కకి కొని పెట్టేదేందమ్మా, మన ఇంట్లో మెతుకులు లేవా?" అంటారు. డిగ్రీ చదువుతున్న మా అబ్బాయిది రెండో పార్టీ. ప్యాకెట్ తప్ప ఇంకేదైనా పెడితే వాడి దృష్టిలో నేను హంతకురాలిని. మావారిది మూడో పార్టీ. "ఏదో ఒకటి పెట్టండి, నాకు మాత్రం అన్నం వడ్డించండి" అనేది వారి సిద్ధాంతం. మూడు పార్టీల మాటా విని, రోజూ రెండు పూటలా ఆ గిన్నె నింపేది మాత్రం నేను. మీ ఇళ్ళలోనూ అంతేనని నాకు తెలుసు. కుక్క కావాలని పిల్లలు ఏడుస్తారు, ఫోటోలు మగవాళ్ళు తీస్తారు, గిన్నె మనం కడుగుతాం.

మొదట్లో నేనూ అత్తయ్యగారి పార్టీయే. కంభం దగ్గర మా పుట్టింట్లో ఎప్పుడూ రెండు కుక్కలుండేవి. వాటికి పొద్దున సజ్జ సంగటో జొన్న సంగటో కాస్త మజ్జిగలో పిసికి పెట్టేవాళ్ళు, రాత్రికి మిగిలిన అన్నం. కల్లం దగ్గర కాపలా అవే, రాత్రి చేలోకి తోడూ అవే. ఇంత తిండి మీద ఎలా బతికాయా అనుకునేదాన్ని. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కుక్కల, తోడేళ్ళ జన్యువులు పోల్చి చూసి, 2013లో ఒక సంగతి ప్రకటించారు. తోడేలు కన్నా కుక్కకి పిండి పదార్థాలు అరిగించుకునే శక్తి బాగా ఎక్కువట. వేల ఏళ్ళపాటు మనిషి పక్కన కూర్చుని, మనిషి పండించిన గింజలు తిని తిని దాని ఒళ్ళే మారిపోయిందన్నమాట. కాబట్టి సంగటి పెట్టిన మా అమ్మమ్మ తప్పేమీ చేయలేదు.

అయితే ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ కుక్కల్లో ఏదీ ఎక్కువ ఏళ్ళు బతకలేదు. ఒక రోజు తిండి మానేసేది, గడ్డివాము చాటుకి వెళ్ళి పడుకునేది, రెండు రోజులకి పోయేది. "దాని రుణం తీరింది పాపం" అనుకునేవాళ్ళం. ఏం తిని పోయిందో, ఏ జబ్బుతో పోయిందో ఎవరూ అడగలేదు. పాతకాలం గొప్పది అనేటప్పుడు ఈ గడ్డివాము చాటు సంగతి మనం మర్చిపోతుంటాం.

టైగర్‌ని కూడా నేను అలాగే పోగొట్టుకోబోయాను. కిందటేడు ఒక పండగ మర్నాడు చుట్టాలంతా వెళ్ళిపోయాక, మాంసం పులుసు గిన్నె అడుగున నూనె తేలుతూ నాలుగు గరిటెలు మిగిలింది. పారేయడానికి మనసొప్పక, అన్నంలో కలిపి, ఎముకలతో సహా వాడి గిన్నెలో వేశాను. గిన్నె మెరిసేదాకా నాకాడు. వాడి తృప్తి చూసి నేనూ మురిసిపోయాను. ఆ రాత్రి మొదలైన వాంతులు రెండు రోజులు తగ్గలేదు. నీళ్ళు కూడా ఇమడలేదు. కడుపు ముట్టుకుంటే మూలిగాడు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, వాడు నన్ను చూసిన చూపులో నా మీద ఏ అనుమానమూ లేదు. పెట్టిన చెయ్యి నాదే మరి!

డాక్టరుగారు సెలైన్ పెట్టి, సూదులేసి, తర్వాత నన్ను కూర్చోబెట్టి అడిగారు. "కుక్కకి నేతికూడు ఇమడదు అని మనవాళ్ళు ఊరికే అన్నారామ్మా?" ఆ సామెత మనం మనుషుల్ని తిట్టడానికే వాడుకుంటాం. అందులో వైద్యం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఒక్కసారిగా నూనె, కొవ్వు ఎక్కువైతే కుక్కకి క్లోమం వాచిపోతుందట. ప్రాణం మీదికి వచ్చే జబ్బది. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా, ఉడికినా దాని ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముకలు పెళుసుబారి, నమిలితే సూదుల్లా చీలి, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్ కొన్ని కుక్కలు కొద్దిగా తిన్నా మూత్రపిండాలు పాడవుతాయి. అంటే పండగ పాయసమూ పనికిరాదు. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ కుక్క గుండెకి, నరాలకి విషం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో తీపి కోసం వేసే జైలిటాల్ అనేదయితే త్వరగా రక్తంలో చక్కెర పడిపోయేలా చేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

ఇంటికొచ్చి ఇవన్నీ ఒక పలక మీద రాసి వంటింట్లో మేకుకి తగిలించాను. మార్కాపురం ఇల్లాలికి పలకలకి కొదవా? పిల్లలు పలక వదిలేసి నోటు పుస్తకాలు పట్టాక మా ఊరి పలకల పని ఎంత తగ్గిపోయిందో ఇక్కడి వాళ్ళందరికీ తెలుసు. పోనీలే, ఒక పలకకైనా మళ్ళీ పని దొరికింది అనుకున్నాను. పైన "టైగర్‌కి పెట్టకూడనివి" అని రాసి, కింద వరసగా రాశాను. చివర మావారు "నా వంతు కూర" అని చేర్చారు. అది చెరిపేశాను.

భయపడినవాళ్ళు ఎప్పుడూ ఎదుటి గట్టుకి దూకుతారు. నేనూ మా అబ్బాయి పార్టీలోకి దూకాను. అప్పుడొచ్చిందే ఆ ఏడొందల యాభై రూపాయల ప్యాకెట్. దాని ముందు వైపు మెరిసే బొచ్చుతో ఒక కుక్క, దాని పక్కన కోడి ముక్కలు, క్యారెట్లు, పచ్చి బఠాణీలు. బొమ్మ చూస్తే మనకే నోరూరుతుంది. పనామె మాట గుచ్చుకున్నాక మాత్రం, ఇంత డబ్బు దేనికి పోస్తున్నానో చూద్దామని ప్యాకెట్ తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని వెనక వైపు చదివాను. చెల్లెళ్ళూ, అక్కయ్యలూ, కుక్కని పెంచేవాళ్ళకి నేను ఇచ్చే మొదటి సలహా అదే. బొమ్మ కుక్క కోసం వేయరు, డబ్బులిచ్చే మన కోసం వేస్తారు. కుక్కకి అందేది వెనకాల ఉంటుంది.

వెనకాల ఏం చూడాలి? దినుసుల జాబితాలో సాధారణంగా బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర రాస్తారు. ముందు వైపు కోడి బొమ్మ ఎంత పెద్దదున్నా, జాబితాలో మొదట ధాన్యాల పేర్లు ఉంటే అందులో ఎక్కువున్నది ధాన్యమే. ధాన్యం పాపం కాదు, ఇందాక చెప్పుకున్నాం. ధాన్యానికి కోడి ధర ఇస్తున్నామా అన్నదే మనం చూసుకోవాలి. తర్వాత మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ ఎంతెంత శాతమో ఉంటాయి. కిలోల లెక్కన వచ్చే పొడి గింజల తిండిలో తేమ సుమారు పది శాతం. గ్రేవీ పొట్లాల్లో ఎనభై శాతం దాకా నీళ్ళే. వంద గ్రాముల గ్రేవీ పొట్లంలో మాంసకృత్తులు ఎనిమిది గ్రాములుంటే, వంద గ్రాముల పొడి తిండిలో ఇరవై ఉండవచ్చు. పాలవాడు నీళ్ళు కలిపితే ఇంటిముందు నిలబెట్టి కడిగేస్తామే, మరి పొట్లంలో నీళ్ళకి ఎంత ఇస్తున్నామో లెక్క చూసుకోవద్దూ?

ఇంకో మాట ఉంది. పూర్తి ఆహారం అని రాసిన ప్యాకెట్ వేరు, పైతిండిగా మాత్రమే పనికొచ్చేది వేరు. రెండూ ఒకే అంగట్లో, ఒకే రంగు కాగితంలో పక్కపక్కనే ఉంటాయి. పైతిండినే రోజూ భోజనంగా పెడితే, పిల్లవాడికి మూడు పూటలా మిక్చరు పెట్టినట్టు. పిల్లకుక్కది, పెద్దకుక్కది, ముసలికుక్కది తిండి వేరువేరు. ధాన్యం లేనిది అని గొప్పగా రాసి, రెట్టింపు ధర పెట్టేవి కూడా వచ్చాయి. అమెరికాలో ఆహార, ఔషధాల సంస్థ 2018లో అలాంటి తిండి తిన్న కొన్ని కుక్కల్లో గుండె జబ్బు కనిపిస్తోందని విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదీ అని తేలలేదు గానీ, ధర ఎక్కువైనంత మాత్రాన మేలు ఎక్కువని నమ్మనక్కర్లేదు అనడానికి ఆ మాత్రం చాలు.

ఇక మన చిన్న ఊళ్ళ సంగతి. ఇరవై కిలోల బస్తా విప్పి, కిలో అరకిలో చొప్పున పాలిథిన్ సంచుల్లో కట్టి అమ్మడం మీరూ చూసే ఉంటారు. చవకగా వస్తుందని నేనూ ఒకసారి కొన్నాను. ఇంటికొచ్చి మూట విప్పితే, పాత వేరుశెనగ నూనె కంపు. టైగర్ వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. వాడికి చదువు రాకపోయినా నాకన్నా తెలివైనవాడని ఆ రోజు తేలింది. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన పడమటి ప్రాంతంలో మూతి విప్పిన బస్తాలోని కొవ్వు త్వరగా పాడవుతుంది. విడిగా కట్టిన సంచి మీద తయారీ తేదీ ఉండదు, గడువు తేదీ ఉండదు, ఎవరు చేశారో ఉండదు. డబ్బు తక్కువుంటే చిన్న ప్యాకెట్ కొనుక్కోండి, మూట మాత్రం వద్దు. ఇంట్లో కూడా గాలి చొరబడని డబ్బాలో పోసి, ప్యాకెట్ మీది తేదీ కత్తిరించి డబ్బాకి అతికించండి.

"కుక్క తిండికి ఇంత పరీక్షా?" అంటారా? 2007లో ఏం జరిగిందో వినండి. అమెరికాలో ఉన్నట్టుండి కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోవడం మొదలైంది. కోట్ల సంఖ్యలో డబ్బాలు, పొట్లాలు వెనక్కి తెప్పించారు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే రసాయనం కలిసిందని తేలింది. మాంసకృత్తులు ఎక్కువున్నట్టు పరీక్షలో చూపించడానికి చేసిన మోసం అది. మరుసటి ఏడు, 2008లో, అదే మెలమిన్ చైనాలో చంటిపిల్లల పాలపొడిలో దొరికింది. సుమారు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. మూగజీవాల గిన్నెలో జరిగిన మోసం మరుసటి ఏడే ఉయ్యాల దాకా వచ్చింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ కుక్కల ఆహారానికి కూడా ప్రమాణాలు రాసిపెట్టింది. కొనేవాళ్ళు అడిగితేనే అవి కాగితం మీంచి అంగడి దాకా వస్తాయి.

ఇక చిరుతిళ్ళు. కుక్క బిస్కెట్ పుట్టిన కథ తమాషాగా ఉంటుంది. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా ఆయన లండన్ వెళ్ళి, ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్ల కోసం కుక్కలు కొట్టుకోవడం చూసి, వాటి కోసమే బిస్కెట్లు తయారు చేయించాడని చెబుతారు. అంటే ఆ గొప్ప వ్యాపారం కూడా మిగిలిపోయిన తిండి నుంచి పుట్టిందే! ఇప్పుడు ఎముక ఆకారంలో, నక్షత్రం ఆకారంలో, ఎరుపు ఆకుపచ్చ రంగుల్లో దొరుకుతున్నాయి. ఆ రంగులు కుక్కకి సరిగా తెలియను కూడా తెలియవు. రోజు మొత్తం తిండిలో చిరుతిళ్ళు పదో వంతు దాటకూడదన్నది పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. మా ఇంట్లో మావారు టీ తాగుతూ ఒక గ్లూకోజ్ బిస్కెట్, అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి ఒకటి, అత్తయ్యగారు ఎవరూ చూడకుండా రెండు. మొత్తం కలిపితే పధ్నాలుగు కిలోల ప్రాణికి అది తక్కువేమీ కాదు. ఆ చక్కెరతో వాడి నడుము పీపాలా తయారైంది.

ఇప్పుడు దోసకాయ ముక్క, క్యారెట్ ముక్క, గింజలు తీసిన పుచ్చకాయ, ఉడికించిన గుడ్డులో పావు, ఇవే వాడి చిరుతిళ్ళు. వేసవిలో పుచ్చకాయ అంటే ప్రాణం పెడతాడు. నిజం చెప్పాలంటే బిస్కెట్ చాలాసార్లు వాడి ఆకలికి పెట్టలేదు మేము. రోజంతా పట్టించుకోలేదన్న మన తప్పుకి పెట్టాం. వాడికి కావలసింది చెరువుకట్ట దాకా ఒక నడక. దానికి తీరిక లేక బిస్కెట్ విసిరాం.

అయితే ఇంటి తిండి పెట్టాలా, ప్యాకెట్ పెట్టాలా? రెండు పార్టీల నుంచీ బయటికొచ్చి చెబుతున్నాను. ఉత్త పెరుగన్నం, ఉత్త చికెన్ అన్నం ఏళ్ళ తరబడి పెడితే కుక్కకి కావలసినవన్నీ అందవు. ముఖ్యంగా ఎదిగే పిల్లకుక్కకి సున్నం చాలక ఎముకలు వంకరపోతాయి. అలాగని ప్యాకెట్ కొనలేని ఇల్లు కుక్కని పెంచకూడదనీ కాదు. డాక్టరుగారిని అడిగి, మేము ఒక పూట ప్యాకెట్, ఒక పూట ఇంటి తిండి అని పెట్టుకున్నాం. ఇంటి పూటకి అన్నమో జొన్న సంగటో, ఎముకల్లేకుండా ఉడికించిన కోడి మాంసమో గుడ్డో, ఓ ముక్క గుమ్మడికాయ. ఉప్పు, కారం, తాలింపు ఏమీ ఉండవు. మన కూర పొయ్యి మీద పెట్టే ముందే వాడి వంతు తీసి పక్కన పెడతాను. కూర అయ్యాక మిగిలింది వాడిది అనే లెక్క ఎత్తేశాం. నెలకి ప్యాకెట్లు రెండు కాస్తా ఒకటయ్యాయి. తాగే నీళ్ళ గురించీ ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిన మనుషుల్ని మన పడమటి పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. మనం క్యాన్ నీళ్ళు తాగి, కుక్కకి బోరు నీళ్ళు పోయడం ఏం న్యాయం? వాడికీ ఆ క్యాన్ నీళ్ళే పోస్తున్నాను.

డబ్బు లెక్క చూసుకునే ఇంట్లో వరస ఇలా ఉండాలని నా అభిప్రాయం. అన్నిటికన్నా ముందు రేబిస్ టీకా. తర్వాత నట్టల మందు, మంచినీళ్ళు. తర్వాత సరైన తిండి. అన్నిటికన్నా చివర రంగు బిస్కెట్లు. ఏటా జూలై 6న, పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక పిల్లవాడికి ఈ టీకా వేసిన రోజున, ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా వేస్తుంటారు. నాలుగొందల రూపాయల చిరుతిళ్ళు కొని టీకా వేయించని ఇళ్ళు నాకు తెలుసు. ఆ కుక్క వీధిలో పిల్లవాణ్ణి కరిస్తే, మనం పెట్టిన ఏ బిస్కెట్టూ అడ్డుపడదు. వచ్చాక మందు లేని జబ్బది.

ఇప్పుడు మళ్ళీ మా పనామె దగ్గరికి వస్తాను. "మనుషులకే గతి లేకపోతే కుక్కలకి బిస్కెట్లా?" అని ఆమె అనలేదు. మన ఊళ్ళలో అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కరువొచ్చిన ప్రతిసారీ మూట కట్టుకుని గుంటూరుకో హైదరాబాదుకో పోయే ఊళ్ళు మనవి. ఆ మాటని తేలిగ్గా కొట్టేయలేం. కానీ ఆ మాటకి జవాబు, కుక్క గిన్నెలోంచి తీసేయడం మాత్రం కాదు. నాకు దొరికిన జవాబు ఇంకోటి. దాన్ని చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను.

టైగర్‌కి జబ్బు చేశాక, ఇంట్లో మిగిలినవి వాడికి పెట్టడం మానేశానన్నాను కదా. మరి ఆ మిగిలినవి ఏమయ్యాయి? నూనె తేలే పులుసు, ఫ్రిజ్‌లో రెండు రోజులున్న కూర, గట్టిబడ్డ పూరీలు ఎక్కడికి పోయాయి? డబ్బాలో పెట్టి పనామె చేతికిచ్చాను. "తీసుకెళ్ళు, పిల్లలకి పెట్టుకో" అని దయగల తల్లిలా చెప్పాను. కుక్కకి మంచిది కాదని పలక మీద రాసుకుని మరీ మానేసిన తిండి, మనిషికి దానం చేశాను. ఆమె కాదనలేదు. ఎప్పుడూ కాదనదు. ఈ సంగతి నా బుర్రకి తట్టింది ఆమె జీతం లెక్క వేసిన ఆ రోజు రాత్రి. పొద్దున ఆమె కడిగి తెచ్చిచ్చిన డబ్బా చేతిలోకి తీసుకుంటే, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రాత్రి నా కంచం కూడా చూసుకున్నాను. మధ్యాహ్నం అన్నం, కూర గిన్నె అడుగు గోకిన మాడు, చారు. గుడ్లు మూడే ఉంటే ఆయనకి, అబ్బాయికి, అత్తయ్యగారికి వేశాను. మా అబ్బాయి టైగర్ ప్యాకెట్ మీద మాంసకృత్తుల శాతం గట్టిగా చదివి వినిపించాడే గాని, నా కంచంలో ఎంతుందో ఎవరూ చదవలేదు. వాళ్ళననేం లాభం, నేను చదివానా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తేల్చిన లెక్క ప్రకారం, మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కారణాలు అనేకం. కానీ అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు వాటిలో లేదని ఎవరైనా అనగలరా? మన ఇళ్ళల్లో మిగిలింది తినేవాళ్ళు ఎప్పుడూ ఇద్దరే. ఒకటి కుక్క, రెండు ఇల్లాలు. ఇల్లాలు తినలేనిది పనామెకి. కుక్కకి డాక్టరు అడ్డుపడ్డాడు, అది బయటపడింది.

నేనేం పెద్ద మార్పులు చేయలేదు. కొలిచి వండుతున్నాను, అడుగున మిగలకుండా. పనామెకి పొద్దున మాతోపాటే, అప్పుడే దించిన టిఫిన్. జీతం మూడొందలు పెంచాను. మా ఇంట్లో ప్యాకెట్లు ఒకటి తగ్గాయి కదా, అందులోంచే. ఇది గొప్పగా చెప్పుకునే మొత్తమేమీ కాదు, ఎప్పుడో పెంచాల్సింది. గుడ్లు నాలుగు తెస్తున్నాం.

మొన్న వేసవి సెలవుల్లో పనామె కూతురు తల్లితో వచ్చి, వంటింట్లో తగిలించిన పలక కూడబలుక్కుని చదివింది. "ఉల్లిపాయ, వెల్లుల్లి, నూనె, ఉప్పు, కారం..." చదివి, "ఇవేమీ లేకుంటే వాడు ఏం తింటాడత్తా పాపం?" అంది జాలిగా. అందరం నవ్వాం. తర్వాత సుద్దముక్క తీసుకుని ఆ జాబితా కింద ఇంకో వాక్యం రాశాను. "నిన్నటిది ఎవరికీ వద్దు." అత్తయ్యగారు చదివి మొదటిసారి నా పార్టీలోకి వచ్చారు.

మీ ఇంట్లో కుక్క ఉంటే ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి, టీకా వేయించండి, బిస్కెట్లు లెక్కపెట్టండి. కుక్క లేకపోయినా ఒక పని చేయండి. ఈ రాత్రి అందరి భోజనాలయ్యాక గిన్నె అడుగున ఏం మిగిలిందో, అది ఎవరి కంచంలోకి వెళ్తోందో ఒక్కసారి చూడండి.